మైకు పిల్లల చేతికివ్వండి!

సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, నాయుడుపేట మండలాల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, షార్ ఉద్యోగులకు, ఈ నేల మీద పుట్టి ఎక్కడెక్కడో స్థిరపడిన ఇంజినీర్లకు విన్నపం



మన పిల్లలకు రాకెట్ కొత్త కాదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి సౌండింగ్ రాకెట్, రోహిణి-125, లేచింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3తో మొదలైన పెద్ద ప్రయోగాల లెక్క 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో వందకు చేరింది. తాతలు చూశారు, తండ్రులు చూశారు, ఇప్పుడు పిల్లలు చూస్తున్నారు. మిద్దెలెక్కి, పులికాట్ రోడ్డు పక్కన నిలబడి, బడి గ్రౌండులో వరుసలు కట్టి చూస్తున్నారు. కేకలు వేస్తారు, చప్పట్లు కొడతారు, ఫోన్లలో వీడియో తీసుకుంటారు. పొగ చెదిరిపోయాక మళ్లీ క్లాసులోకి వెళ్లి కూర్చుంటారు.

ఆ రాకెట్‌కు ఇంధనం పోతపోసిన మనిషితో, అది పోవాల్సిన దారిని లెక్కగట్టిన మనిషితో, పైన గాలి ఎటు వీస్తోందో చూసి "సరే, వదలండి" అన్న మనిషితో మన పిల్లల్లో ఎంతమంది మాట్లాడారు? వాళ్లలో చాలామంది మన బజార్లోనే కూరగాయలు కొంటారు. చెంగాళమ్మ గుడికొస్తారు. పొద్దున్నే మన కళ్ల ముందు నుంచే షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, బస్సుల్లో వెళ్తారు. అయినా జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు ఆ గేటు లోపల ఎవరుంటారో, ఏం పని చేస్తారో, అక్కడిదాకా ఎలా వెళ్లారో తెలియదు. చెప్పినవాళ్లు లేరు. అడిగే వీలూ ఇంతవరకు మనం కల్పించలేదు.

ఇప్పుడు ఆ వీలు మన చేతిలో ఉంది. దానికి గేటు పాసు అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు, చందాలు అక్కర్లేదు. క్లాసులో ఒక తెర, ఒక నెట్ కనెక్షన్, పనిచేసే మైకు, ముప్పావు గంట సమయం. ఇవి చాలు.

మా కోరిక ఇది. మన నాలుగు మండలాల్లోని ప్రతి హైస్కూల్లో, ప్రతి గురుకులంలో, ప్రతి కస్తూర్బా విద్యాలయంలో ఏడాదికి కనీసం రెండుసార్లు అంతరిక్ష రంగంలో పనిచేసే మనిషి ఒకరు ఆన్‌లైన్‌లో పిల్లల ముందు కూర్చోవాలి. ఉపన్యాసం పది నిమిషాలు దాటకూడదు. మిగతా సమయమంతా పిల్లలు అడగాలి, పెద్దలు జవాబు చెప్పాలి. అదీ తెలుగులో.

టీవీ మాట్లాడింది, పిల్లలు విన్నారు

ఉపగ్రహం ద్వారా చదువు చెప్పాలన్న ఆలోచన మన దేశంలో పాతదే. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది పాటు 'సైట్' పేరుతో ఒక గొప్ప ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. టీవీ అంటే ఏమిటో తెలియని ఊళ్లలో పిల్లలు నేల మీద కూర్చుని తెలుగులో పాఠాలు చూశారు. దాని కోసం కలగన్న విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరులోనే కన్నుమూశారు, ఆ రోజు చూడలేకపోయారు. ఆ తర్వాత 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే, చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ పైకి వెళ్లింది.

ఆ పనులు చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కుతాం. కానీ ఒక మాట చెప్పక తప్పదు. సైట్‌లో టీవీ మాట్లాడింది, పిల్లలు విన్నారు. వెనక వరసలో కూర్చున్న పిల్లకు అనుమానం వస్తే అది ఆ పిల్లతోనే ఇంటికి పోయింది. ఎడ్యుశాట్‌తో అటూ ఇటూ మాట్లాడుకునే సదుపాయం వచ్చినా, ఎక్కువ బడులకు అందింది వినడానికి మాత్రమే పనికొచ్చే పరికరాలు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగినప్పుడు కూడా జరిగింది ఇదే. బడుల్లో పెద్ద తెరలు పెట్టి చూపించాం. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు, గంతులేశారు. ఆ రాత్రి వాళ్ల తలల్లో పుట్టిన ప్రశ్నలకు మర్నాడు జవాబు చెప్పిన మనిషి లేడు. సైన్సు మాస్టారు తనకు తెలిసినంత చెప్పారు. ఆయన మాత్రం ల్యాండరును దించారా?

ప్రశ్నను గొంతులోనే మింగడం అలవాటైన పిల్లలు కొన్నాళ్లకు ప్రశ్నే మానేస్తారు. మా బడుల్లో ఇది కళ్లారా చూస్తున్నాం. ఆరో తరగతిలో "ఎందుకు సార్?" అంటూ వెంటపడే పిల్ల పదో తరగతికి వచ్చేసరికి "ఇది పరీక్షలో వస్తుందా సార్?" అని మాత్రమే అడుగుతుంది. ఈ కరపత్రం రాయడానికి మమ్మల్ని కదిలించింది ఇదే.

వీళ్ల ప్రశ్నలు వినండి

పిల్లలేం అడుగుతారులే అనుకునే పెద్దలు మన ఊళ్ల పిల్లల దగ్గర ఒక పూట కూర్చోండి. రాకెట్ల నీడలో పెరిగిన పిల్లలు. వాళ్లు అడిగేవి ఏ పుస్తకం చివరా ఉండవు.

రాకెట్ ముందు కనబడి, శబ్దం అంత ఆలస్యంగా ఎందుకొస్తుంది? లాంచ్ ప్యాడ్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో నిలబడితే శబ్దం మన దగ్గరికి రావడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. ఈ ముక్క పుస్తకంలో చదివిన పిల్లకు అది ఒక మార్కు. అదే ఒక ఇంజినీరు తెర మీద నుంచి "ఈసారి ప్రయోగం రోజు స్టాప్‌వాచ్ పట్టుకో. మంట కనబడిన క్షణం నుంచి కిటికీ అదిరే దాకా సెకన్లు లెక్కపెట్టు. మీ ఇంటి నుంచి ప్యాడ్ ఎంత దూరమో నువ్వే నాకు చెప్పు" అన్నాడనుకోండి. తర్వాతి ప్రయోగం నాటికి ఆ వీధి పిల్లలందరి చేతుల్లో గడియారాలుంటాయి.

రాకెట్లన్నీ సముద్రం వైపే ఎందుకు పోతాయి, మన వైపు ఎందుకు రావు? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోట దగ్గర ఆ తిరుగుడు వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు వదిలితే ఆ వేగం రాకెట్‌కు ఊరికే కలిసొస్తుంది. పైగా కింద సముద్రం ఉంది కాబట్టి విడిపోయిన భాగాలు పడినా ఎవరి ఇంటి మీదా పడవు. 1969లో శ్రీహరికోట దీవిని ఎంచుకోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇవి రెండు.

మరి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని తిన్నగా దక్షిణం వైపు వదలొచ్చు కదా? ఈ ప్రశ్న దగ్గర అట్లాసు తెరిచి స్కేలు పెట్టమనండి. శ్రీహరికోట నుంచి దక్షిణానికి గీత గీస్తే శ్రీలంక అడ్డొస్తుంది. అందుకే అటువంటి ప్రయోగాల్లో పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయం వైపు వెళ్లి, దీవిని తప్పించి ఆ తర్వాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, ఆ మేరకు మోసే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకు ఈ నష్టం మరీ ఎక్కువ. తమిళనాడు దక్షిణపు అంచున కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నది ఇందుకే. ఏడో తరగతి పిల్ల తన అట్లాసుతో తేల్చుకోగలిగిన సంగతి ఇది. తేల్చుకున్నాక ఆ పిల్లకు పటం అంటే రంగులు వేసుకునే కాగితం కాదు.

ఇంకొక ప్రశ్న ఉంది. రాకెట్ వదిలే రోజు మా నాన్న వేటకెందుకు పోకూడదు? ఇది పులికాట్ ఒడ్డున, సముద్రం ఒడ్డున ఉన్న కుప్పాల పిల్లలు అడిగేది. దీనికి షార్‌లో ఒక విభాగమే ఉంది, రేంజ్ సేఫ్టీ అంటారు. ఏ భాగం ఎక్కడ పడుతుందో, ఎంత మేర ఖాళీ చేయించాలో వాళ్లు లెక్కవేస్తారు. ఆ లెక్క పిల్లకు చెప్పాలి. ఆ ప్రశ్న వెనక ఒక ఇంటి ఆ పూట సంపాదన కూడా ఉందని జవాబు చెప్పే ఇంజినీరు వినాలి. మాట్లాడుకోవడమంటే మేమనుకునేది ఇదే. అటు నుంచి ఇటు రావాల్సింది ఎంతుందో, ఇటు నుంచి అటు పోవాల్సిందీ అంతే ఉంది.

నేలపట్టుకు, పులికాట్‌కు వచ్చే పక్షులు ఆ చప్పుడుకు బెదరవా? దీనికి రాకెట్ ఇంజినీరు జవాబు సరిపోదు, పక్షులను చదివిన మనిషి కావాలి. వాళ్లనూ పిలుద్దాం.

అన్నిటికంటే మాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది: ఫెయిలైతే మిమ్మల్ని తిడతారా? 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. దాని ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. విలేకరుల ముందు కూర్చుని ఆ వైఫల్యం బాధ్యత తన మీద వేసుకున్నది అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం ధవన్ పక్కకు తప్పుకుని కలాంను ముందుకు పంపారు. కలాం ఈ సంగతి జీవితమంతా చెబుతూ వచ్చారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చివరి నిమిషాల్లో కూలిపోయింది, నాలుగేళ్లకు మూడోది దిగింది. ఆ నాలుగేళ్లూ రాత్రిళ్లు తప్పు వెతికిన మనుషులు ఇప్పటికీ ఉద్యోగాల్లో ఉన్నారు. మార్కులు తగ్గితే ఇంటికి రావడానికి భయపడే పిల్లలకు ఆ రాత్రుల గురించి వాళ్ల నోటి నుంచే వినిపించాలి. మనం ఎన్ని నీతులు చెప్పినా అంత పనిచేయవు.

వేరే చోట్ల పిల్లలు మాట్లాడుతున్నారు

2025 జూన్ 25న బయల్దేరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడున్న రోజుల్లో మన దేశపు పిల్లలతో వీడియోలో మాట్లాడారు, ఔత్సాహికులు వాడే హామ్ రేడియోలో మాట్లాడారు. పిల్లలు అడిగినవి ఏమిటి? అక్కడేం తింటారు, ఎలా పడుకుంటారు, జబ్బు చేస్తే ఏం చేస్తారు. ఆయన వెంట క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం తీసుకెళ్లారని, అక్కడ నేల, పైకప్పు అనే తేడా లేదు కాబట్టి గోడకైనా, పైకప్పుకైనా సంచి కట్టుకుని నిద్రపోవచ్చని పిల్లలకు తెలిసింది. లక్నో పిల్లలు అడిగారు, కేరళ పిల్లలు అడిగారు, షిల్లాంగ్‌లో ఈశాన్య రాష్ట్రాల పిల్లలు అడిగారు. దేశంలోని రాకెట్లు లేచే గడ్డ మీది పిల్లలు ఆ వరసలో ఎందుకు ఉండకూడదు?

అంతరిక్ష కేంద్రంలో హామ్ రేడియో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. ప్రపంచంలో ఎన్నో బడులు దానితో మాట్లాడాయి. 400 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే కేంద్రం ఒక ఊరి ఆకాశాన్ని దాటిపోయేది పది నిమిషాల్లోపే. అంతలోనే పిల్లలు వరుసగా మైకు దగ్గరకొచ్చి, ముందే రాసుకున్న ప్రశ్న అడిగి, "ఓవర్" అని పక్కకు జరుగుతారు. పదిహేను, ఇరవై ప్రశ్నలు అయిపోతాయి. ఆ పిల్లలు ఆ పది నిమిషాల కోసం నెలల తరబడి చదువుతారు, ప్రశ్నను చెక్కుతారు, గడియారం పెట్టుకుని సాధన చేస్తారు. అసలు చదువు ఆ నెలల్లోనే జరుగుతుంది.

చైనాలో 2013 జూన్ 20న వాంగ్ యాపింగ్ అనే వ్యోమగామి కక్ష్యలోంచి పాఠం చెబితే ఆరు కోట్ల మంది విద్యార్థులు చూశారు. ఆమె నీటి బుడగను గాల్లో వేలాడదీసి చూపించింది. మనకు ఆరు కోట్ల మంది అక్కర్లేదు. ఒక క్లాసు, నలభై మంది చాలు. నలభై మంది దాటితే అది సభ అవుతుంది, పిల్లలు నోరు విప్పరు.

ఎవరిని పిలవాలి

పేరున్న శాస్త్రవేత్తలనే పిలవాలని పట్టుబట్టకండి. పెద్దవాళ్లు వస్తే పూలమాలలు, ఫొటోలు, స్వాగతోపన్యాసాలు మొదలవుతాయి, పిల్లలు వెనక్కి పోతారు. మాకు కావలసింది పనిచేసే మనుషులు.

ఎల్‌వీఎం-3 రాకెట్‌కు రెండు పక్కలా ఉండే ఎస్200 బూస్టర్లు ఒక్కొక్కటి సుమారు 200 టన్నుల ఘన ఇంధనంతో ఉంటాయి. ఆ ఇంధనం పోతపోసేది శ్రీహరికోటలోనే. ఆ ప్లాంటులో పనిచేసే టెక్నీషియన్ తన రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. వాతావరణం చూసే అక్క, రాడార్ దగ్గర కూర్చునే అన్న, వెల్డరు, ఫిట్టరు, అగ్నిమాపక సిబ్బంది మాట్లాడాలి. పదో తరగతి తర్వాత ఐటీఐ చేసి ఇస్రోలో టెక్నీషియన్ కావచ్చని, పాలిటెక్నిక్ డిప్లొమాతో టెక్నికల్ అసిస్టెంటు కావచ్చని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? ఇస్రో అంటే ఐఐటీ ర్యాంకు కావాలని భయపడి కలను మొదట్లోనే తుంచుకుంటున్న పిల్లలు మన కళ్ల ముందున్నారు. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. నాలుగేళ్లలో కట్టాలన్నది లక్ష్యం. ఈ రోజు మన బడిలో ఎనిమిది చదివే పిల్ల డిప్లొమా పట్టా అందుకునే నాటికి అక్కడ పనిచేసే మనుషులు కావాలి. వాళ్లలో మన ఊరి పేరు ఉండాలా వద్దా?

పనిచేసే మనుషులంటే ఇస్రోవాళ్లే కాదు. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచిన విక్రమ్-ఎస్, దేశంలో ప్రైవేటు సంస్థ కట్టిన మొదటి రాకెట్. కట్టింది హైదరాబాద్‌లోని స్కైరూట్. అదే నెల 26న పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలు హైదరాబాద్ ధ్రువ స్పేస్ వాళ్లవి. బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది, తిరుపతికి దగ్గర్లో గాదంకిలో వాతావరణ పరిశోధనశాల, దాని పెద్ద రాడార్ ఉన్నాయి. ఇక్కడ పనిచేసేవాళ్లలో తెలుగు మాట్లాడే కుర్రవాళ్లు, అమ్మాయిలు ఎందరో. పాతికేళ్ల ఇంజినీరు చెబితే పదమూడేళ్ల పిల్ల తొందరగా నమ్ముతుంది.

మొదటి ప్రశ్న ఎవరిది

ఒక విషయం మేము గట్టిగా చెబుతున్నాం. శ్రీహరికోట దీవి ఒకప్పుడు యానాదుల నివాసం. అడవి, చేపలు, తేనె, మందు చెట్లు వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దేశం కోసం రాకెట్ కేంద్రం వచ్చింది, వాళ్ల ఇళ్లు తరలాయి. ఇప్పుడు వాళ్ల మనవలు, మనవరాళ్లు మన బడుల్లో చివరి బెంచీల మీద ఉన్నారు, చాలాచోట్ల బడికే రావడం లేదు. ఈ కార్యక్రమంలో మైకు ముందుగా వాళ్ల చేతికి రావాలి. ఇది దయ కాదు, బాకీ. టీచర్లు ముందే ఆ ఇళ్లకు వెళ్లండి, పిల్లలను పేరు పెట్టి పిలవండి, ఆ రోజు తప్పక బడికి తీసుకురండి.

ఆడపిల్లలను అడగనివ్వండి. మగపిల్లలు చేతులెత్తి కేకలేస్తుంటే వీళ్లు చీటీ మీద రాసి పక్కమ్మాయికి ఇస్తారు. ఒక మగపిల్లవాడి తర్వాత ఒక ఆడపిల్ల అని నియమం పెట్టండి. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు భాగాలు తయారుచేసిన ఆజాదీశాట్ ఇదే శ్రీహరికోట నుంచి 2022 ఆగస్టు 7న లేచింది. ఆ రోజు రాకెట్ దాన్ని సరైన కక్ష్యలో నిలపలేకపోయింది. మళ్లీ తయారుచేశారు. 2023 ఫిబ్రవరి 10న రెండోది కక్ష్యలోకి చేరింది. సర్కారు బడి ఆడపిల్లల చేతి పని భూమి చుట్టూ తిరిగింది. ఈ మాట మన కస్తూర్బా పిల్లలకు ఆ పని నేర్పినవాళ్లే చెప్పాలి.

సాకులు వద్దు, దారి ఉంది

నెట్ రాదంటారు. చాలా హైస్కూళ్లలో ఇప్పుడు గోడకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లున్నాయి. లేనిచోట ఒక ప్రొజెక్టరు, మాస్టారి ఫోను హాట్‌స్పాట్ సరిపోతాయి. ముందు రోజు అదే సమయానికి ఒకసారి కలిపి చూసుకోండి. కరెంటు పోతే ఫోనులోనైనా గొంతు వినబడేలా రెండో నంబరు సిద్ధంగా ఉంచుకోండి. బొమ్మ ఆగిపోయినా ఫరవాలేదు, మాట వినబడితే చాలు. కాబట్టి కెమెరా కంటే మంచి మైకు మీద డబ్బు పెట్టండి. ఊళ్లో కేబుల్, ఫైబర్ నెట్ నడిపే అన్నలారా, ఆ గంట మీ వంతు సాయం అడుగుతున్నాం.

సిలబస్ అవ్వదంటారు. ఏడాదిలో రెండు పీరియడ్లు. ధ్వని, గమనం, గురుత్వాకర్షణ, వాతావరణం, పటాలు, ఏ పాఠానికి దగ్గరగా ఉంటే ఆ వారం పెట్టుకోండి.

తెలుగు రాని ఇంజినీరైతే ఎలా అంటారు. షార్‌లో తమిళులు, మలయాళీలు ఎందరో ఉన్నారు. వాళ్లు ఇంగ్లీషులో చెబితే సైన్సు మాస్టారు తెలుగులో చెప్పాలి. పిల్ల తెలుగులో అడిగితే మాస్టారే ఇంగ్లీషులోకి మార్చాలి. పిల్ల చేత ఇంగ్లీషులో బట్టీ పెట్టించి అడిగించకండి. బట్టీ పెట్టిన ప్రశ్నకు జవాబు వినిపించదు, తప్పు లేకుండా పలికానా లేదా అన్న భయమే వినిపిస్తుంది.

అనుమతుల విషయం ముఖ్యం. ఉద్యోగంలో ఉన్నవాళ్లు బయట మాట్లాడాలంటే తమ ఆఫీసు అనుమతి కావాలి. వాళ్లను ఇబ్బంది పెట్టవద్దు. హెడ్మాస్టరు బడి లెటర్‌హెడ్ మీద షార్ అధికారులకు ఉత్తరం రాయాలి, ఎంఈవో గారికి నకలు ఇవ్వాలి. ప్రజలకు అంతరిక్ష విజ్ఞానం చేరవేయడానికి ఇస్రోలో ప్రత్యేక విభాగం ఉంది, ఏటా అంతరిక్ష వారోత్సవాలు జరుపుతున్నారు. మన ఉత్తరం వాళ్లకు భారం కాదు, వాళ్ల పనికి సాయమే. రిటైరైన వాళ్లకు ఈ పట్టింపులు తక్కువ. మన సూళ్లూరుపేట వీధుల్లో ముప్పై ఏళ్ల అనుభవంతో, ఖాళీ సాయంత్రాలతో ఉన్న పెద్దలున్నారు. ముందు వాళ్ల తలుపు తట్టండి.

పిల్లల భద్రత గురించి రాజీ లేదు. మాట్లాడేది క్లాసులో, టీచరు ముందు. లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకూడదు. పిల్లల పూర్తి పేర్లు, ఫోను నంబర్లు ఎవరికీ ఇవ్వకూడదు. రికార్డు చేయాలంటే అటు మనిషినీ, ఇటు తల్లిదండ్రులనూ అడిగాకే.

షార్ ఉద్యోగులారా, అన్నలారా, అక్కలారా!

ప్రయోగం ముందు వారాల్లో మీకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదని మాకు తెలుసు. ఆ వారాలు అడగం. ప్రయోగం అయ్యాక ఒక మధ్యాహ్నం ఇవ్వండి. స్లైడ్లు తయారుచేయకండి. మీరు చదివిన బడి పేరు, మీకు కష్టమనిపించిన సబ్జెక్టు, మొదటి రోజు ఉద్యోగంలో చేసిన పని చెప్పండి. రహస్యమైనవి ఎవరూ అడగరు, అడిగితే "అది చెప్పకూడదు" అనండి, పిల్లలు అర్థం చేసుకుంటారు. తెలియని ప్రశ్నకు "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనండి. పెద్ద ఇంజినీరు నోట ఆ మాట విన్న పిల్లకు తెలియకపోవడం సిగ్గు కాదని తెలుస్తుంది. తర్వాత తప్పకుండా కనుక్కుని చెప్పండి. ఎదురుచూస్తారు.

దూరదేశాల్లో ఉన్న మన ఇంజినీర్లారా! 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి లేచిన నైసార్ ఉపగ్రహాన్ని ఇస్రో, నాసా కలిసి కట్టాయి. అందులో ఒక రాడార్ అహ్మదాబాద్‌ది, ఇంకొకటి కాలిఫోర్నియాది. అటువంటి పనుల్లో ఉన్న తెలుగువాళ్లు చాలామంది. వేసవి నెలల్లో కాలిఫోర్నియాలో రాత్రి తొమ్మిదైతే ఇక్కడ మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. అన్నం తిని కూర్చునే వేళకు మీ ఊరి బడిలో మొదటి పీరియడు మొదలవుతుంది. మీరు చదివిన బడికి ప్రహరీ గోడలు కట్టించారు, బెంచీలు కొనిచ్చారు. వాటికి కృతజ్ఞతలు. ఇప్పుడు ఒక గంట కూర్చోండి.

తల్లిదండ్రులకు ఇంకో సమాచారం. ఇస్రో 2019 నుంచి 'యువిక' పేరుతో తొమ్మిదో తరగతి పిల్లలకు రెండు వారాల శిక్షణ ఇస్తోంది. ప్రయాణం, బస ఖర్చులు వాళ్లే భరిస్తారు. గ్రామీణ బడుల పిల్లలకు ఎంపికలో అదనపు ప్రాధాన్యం ఉంటుంది. శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో మన షార్ ఒకటి. సాధారణంగా ఏడాది మొదటి నెలల్లో ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. సీట్లు దేశం మొత్తానికి కొన్ని వందలే కాబట్టి అందరికీ రావు. అయినా మన ప్రతి బడి నుంచి దరఖాస్తు పోవాలి. జనవరి వచ్చిందంటే హెడ్మాస్టరును అడుగుతూ ఉండండి.

ఈ అక్టోబరుకే మొదలుపెడదాం

ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారం. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ వెళ్లిన రోజుతో మొదలై, 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన అక్టోబరు 10తో ముగుస్తుంది. దసరా సెలవులు అడ్డొస్తే ముందు వారమో, తర్వాతి వారమో పెట్టుకోండి. ఈసారి ఆ రోజుల్లో మన నాలుగు మండలాల్లో కనీసం ఒక్కొక్క బడిలో తొలి సంభాషణ జరగాలి. జరిగిన బడి వాళ్లు పక్క బడికి వెళ్లి ఎలా చేశారో చెప్పాలి.

తల్లిదండ్రులు వచ్చే పేరెంట్స్ మీటింగులో ఈ కాగితం పట్టుకెళ్లి హెడ్మాస్టరు చేతిలో పెట్టండి. ఉత్తరం రాశారా, ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు అని అడగండి. స్కూల్ కమిటీలో తీర్మానం చేయించండి. షార్‌లో పనిచేసే బంధువు ఉంటే ఆదివారం ఇంటికి పిలిచి అడగండి. నెట్ గురించి తెలిసిన కాలేజీ కుర్రవాళ్లు ఆ రోజు బడికి వచ్చి తీగలు, మైకు చూసుకోండి.

ఈ కాగితం వెనక వైపు కావాలనే ఏమీ అచ్చువేయలేదు. ఇవాళ రాత్రి మీ ఇంట్లో పిల్లను కూర్చోబెట్టి, అంతరిక్షం గురించి, రాకెట్ల గురించి తను అడగాలనుకున్న ప్రశ్న ఒకటి అక్కడ తన చేత్తో రాయించండి. తప్పులు దిద్దకండి. "ఇది కూడా అడుగుతారా" అని నవ్వకండి. కింద తరగతి, బడి పేరు మాత్రం రాయించి, సోమవారం సైన్సు టీచరుకు ఇప్పించండి. మీరు చదువుకోలేదని వెనకాడవద్దు, మీకూ ప్రశ్న ఉంటే అదే కాగితం మీద రాయించండి.

ఇట్లు
సూళ్లూరుపేట చుట్టుపక్కల ఊళ్ల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు

చదివాక పారేయకండి, పక్కింటికి ఇవ్వండి. ప్రశ్న రాశాక బడికి పంపండి.